బడి అడగాలి, యూనివర్సిటీ బదులు చెప్పాలి

ఇవాళ పిల్లల ప్రశ్నల గురించి మాట్లాడతాను. యూనివర్సిటీ గురించి కూడా మాట్లాడతాను. ఈ రెంటికీ లంకె ఏమిటంటారా? ఉండాల్సిన లంకే. మన దగ్గర ఇంకా సరిగ్గా పడలేదు. దాన్ని ఎలా వెయ్యొచ్చో, దానికి పెద్ద ఖర్చు ఎందుకు అక్కర్లేదో, వచ్చే కొన్ని నిమిషాల్లో చెబుతాను. పని చేసుకుంటూనే వినండి. పిల్లలు పక్కనుంటే వాళ్లనీ వినమనండి.

ఈ లంకె ఎందుకు కావాలో తెలియాలంటే, ముందు మన అండమాన్‌లో చాతం సంగతి చూడాలి. చాతం అంటే మనకు సా మిల్లు, జెట్టీ, వంతెన. మిల్లు 1883లో పెట్టింది. దానికి చాలా ముందే, 1789లో, లెఫ్టినెంట్ ఆర్చిబాల్డ్ బ్లెయిర్ తన మకాం వేసింది ఈ చిన్న దీవి మీదే. ఆయన పేరే ఊరికి వచ్చింది. 2024 నుంచి ఊరు శ్రీ విజయపురం అయింది గానీ, మన నోటికి పోర్ట్ బ్లెయిర్ ఇంకా పోలేదు. అలవాటు అలాంటిది.

మిల్లులో తరాల తరబడి ఎన్నో భాషల వాళ్లు పని చేశారు. దుంగ చూసి ఏ వైపు నుంచి కొయ్యాలో చెప్పగలిగిన వాళ్లుండేవారు. కొడుకు తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. 2002లో సుప్రీంకోర్టు ఉత్తర్వు వచ్చింది. అడవి నరకడం మీద గట్టి ఆంక్షలు పడ్డాయి. మిల్లుకొచ్చే దుంగలు తగ్గాయి. అడవికి అది మంచిదే. నేను కాదనను. కానీ తండ్రి పని కొడుక్కి వస్తుందన్న ధీమా పోయింది. ఇప్పుడా ఇంటి పిల్లలు ఇంకో దారి వెతుక్కోవాలి. ఆ దారి చదువులోంచే పోవాలి.

మరి చదువు ఎక్కడుంది? దూరంగా లేదండీ. ఇక్కడే ఉంది. పాండిచ్చేరి యూనివర్సిటీ అని వినే ఉంటారు. 1985లో పార్లమెంటు చట్టం చేసి పెట్టిన కేంద్ర విశ్వవిద్యాలయం. పేరు పాండిచ్చేరిదే గానీ, మన దీవులు కూడా దాని పరిధిలోనే ఉన్నాయి. బ్రూక్షాబాద్‌లో దాని క్యాంపస్ ఉంది. అక్కడ సముద్రం గురించి, సముద్రంలో బతికే జీవుల గురించి చదివే విభాగం ఒకటి. తుపాన్లు, సునామీలు లాంటి తీర ప్రాంత విపత్తుల గురించి చదివే విభాగం ఇంకొకటి. దేశం నలుమూలల నుంచీ పిల్లలు ఓడెక్కి, విమానమెక్కి వచ్చి ఇక్కడ ఎమ్మెస్సీ చదువుకుంటున్నారు. పరిశోధనలు చేస్తున్నారు.

చాతం నుంచి బ్రూక్షాబాద్‌కి ఊళ్లో బస్సు ప్రయాణమే. కానీ చాతం, హడ్డో, జంగ్లీఘాట్ పిల్లల్లో ఎంతమంది ఆ గేటు లోపలికి వెళ్లుంటారు? మీ ఇంట్లో పిల్లల్ని ఒకసారి అడిగి చూడండి. ఆ గేటు ఎక్కడుందో తెలుసా అని అడగండి.

నేను చెప్పే ఉపాయం చిన్నది. బడి అడగాలి. యూనివర్సిటీ బదులు చెప్పాలి. మళ్లీ చెబుతున్నాను. బడి అడగాలి, యూనివర్సిటీ బదులు చెప్పాలి. అదీ ఒక్కసారి కాదు. నెలనెలా. ఏళ్ల తరబడి.

ఎలాగంటే, తరగతి గదిలో ఒక పెట్టె పెట్టండి. అట్టపెట్టె చాలు. పిల్లలకు తోచిన ప్రశ్న ఏదైనా కాగితం మీద రాసి అందులో వెయ్యాలి. తెలుగులో రాయొచ్చు, హిందీలో రాయొచ్చు, ఏ భాషలోనైనా రాయొచ్చు. నెలకోసారి మాస్టారూ పిల్లలూ కూర్చుని పెట్టె తెరుస్తారు. కొన్ని ప్రశ్నలు ఏరుతారు. అవి యూనివర్సిటీలో ఒక విభాగానికి వెళతాయి. ఆ విభాగం నుంచి ఇద్దరు ముగ్గురు, పరిశోధన చేసే వాళ్లో, ఎమ్మెస్సీ చదివే వాళ్లో, వచ్చే నెల బడికి వస్తారు. ఆ ప్రశ్నలు పట్టుకునే వస్తారు. వేరే ప్రసంగం తేరు. ఏ ప్రశ్న ఎవరు వేశారో పేరు పెట్టి పిలిచి, ఆ పిల్లతో మాట్లాడతారు.

ఇంతే. వినడానికి మరీ చిన్నగా ఉంది కదూ? ఒక ఉదాహరణ చెబుతాను. అప్పుడు చూడండి.

ఆరో తరగతి పిల్లాడు ఒకడున్నాడనుకోండి. వాళ్ల నాన్న చాతం నుంచి బాంబూఫ్లాట్ వెళ్లే ఫెర్రీలో పని చేస్తాడు. వాడు రాశాడు. ఒక రోజు బడికెళ్లేటప్పుడు చూస్తే జెట్టీ దగ్గర నీళ్లు పైదాకా ఉన్నాయి. నాలుగు రోజులు పోయాక అదే టైముకి చూస్తే కిందికి దిగిపోయాయి. పోటు రోజూ ఒకే టైముకి ఎందుకు రాదు?

యూనివర్సిటీ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఆమె వెంటనే జవాబు చెప్పలేదు. ఒక కర్ర తెమ్మంది. కొలత పట్టీ చూసి దాని మీద సెంటీమీటర్లు గీయించింది. పెద్దవాళ్లను తోడు పెట్టుకుని, అధికారుల అనుమతి అడిగి, ఒక ఆదివారం జెట్టీ పక్కన ఆ కర్ర కట్టించింది. పొద్దున్నించీ గంట గంటకీ నీళ్లు ఎక్కడున్నాయో చూసి రాయమంది. పిల్లలు వంతులు వేసుకున్నారు. సాయంత్రానికి కాగితం మీద చుక్కలు వచ్చాయి. చుక్కలు కలిపితే కొండలా లేచి, లోయలా దిగింది. మన తీరంలో రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. ఆ సంగతి పుస్తకంలో ఉంది. పిల్లలకి మాత్రం కర్ర మీద కనబడింది. మర్నాడు చూస్తే అదే పోటు ముప్పావు గంట పైన, ఇంచుమించు యాభై నిమిషాలు, ఆలస్యంగా వచ్చింది. ఆ మర్నాడు ఇంకో యాభై. అప్పుడు ఆమె అడిగింది. రాత్రి చంద్రుడు నిన్నటికంటే ఎంత ఆలస్యంగా లేచాడో ఎవరైనా చూశారా అని.

చూశారా, ప్రశ్న పిల్లాడిది. చంద్రుడు అందరిదీ. మధ్యలో యూనివర్సిటీ చేసింది కర్ర కట్టించడం.

ఆ అమ్మాయి అక్కడితో ఆగక్కర్లేదు. ఇంకో కథ చెప్పొచ్చు. 1881 డిసెంబర్ 31న కార్ నికోబార్ దగ్గర పెద్ద భూకంపం వచ్చింది. సముద్రం లేచింది. అప్పటికే పోర్ట్ బ్లెయిర్‌లో సముద్రం ఎత్తు కొలిచే యంత్రం ఉంది. ఆ అల వచ్చిన తీరు అది గీసి పెట్టింది. బంగాళాఖాతం చుట్టూ ఇంకొన్ని చోట్ల యంత్రాలు కూడా గీశాయి. నూరేళ్లు గడిచాక, మన కాలపు శాస్త్రవేత్తలు ఆ పాత గీతలు ముందేసుకుని, ఆ భూకంపం ఎంత పెద్దదో లెక్క తేల్చారు. 7.9 అన్నారు. అంటే ఎవరో ఒక గుమాస్తా ఆ యంత్రాన్ని జాగ్రత్తగా నడిపాడు కాబట్టి ఆ లెక్క దొరికింది. జెట్టీ దగ్గర కర్ర చూసి రాసిన పిల్లాడికి ఈ కథ వేరేలా వినిపిస్తుంది. ఆ గుమాస్తా పని వాడూ చేశాడు మరి.

2004 డిసెంబర్ 26 భూకంపం, సునామీల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ భూకంపానికి దక్షిణ అండమాన్ నేల ఇంచుమించు మీటరు కుంగింది. సిప్పీఘాట్ పొలాల్లోకి ఉప్పునీళ్లు వచ్చాయి. వచ్చినవి పోలేదు. ఇవాళ్టి బడిపిల్లలు అప్పటికి పుట్టలేదు. వాళ్లకి అది ఎప్పుడూ నీళ్లున్న చోటే. కానీ వాళ్ల నాయనమ్మకి తెలుసు. అక్కడ వరి పండేదని తెలుసు. అందుకని పెట్టెలోంచి ఇలాంటి ప్రశ్న వస్తే, సిప్పీఘాట్ నీళ్లు ఎందుకు వెనక్కి పోలేదని ఎవరైనా అడిగితే, యూనివర్సిటీ వాళ్లు నాయనమ్మ దగ్గరికి వెళ్లి కూర్చోవాలి. నీళ్లు ఎంతదాకా వచ్చేవి, ఏ చెట్టు దాకా, ఏ గట్టు దాకా అని అడగాలి. విపత్తుల విభాగానికి అదంతా పనికొచ్చే సమాచారమే. కాబట్టి ఇది బడికి చేసే దానం కాదు. యూనివర్సిటీకీ లాభం ఉంది. పరిశోధన చెయ్యడానికి వచ్చిన కుర్రాడికి ఊరు తెలిసిన వాళ్లు దొరుకుతారు.

ఇంకొక్కటి చెప్పి ముందుకెళతాను. పడౌక్ చెక్క ఎందుకంత ఎర్రగా ఉంటుందని ఎవరో అడుగుతారు. చాతంలో పెరిగిన పిల్ల తప్పకుండా అడుగుతుంది. దాని వెనక ఒక బంధుత్వం ఉంది. మన పడౌక్, శేషాచలం కొండల్లో ఎర్రచందనం, మన పల్లెల్లో తెలిసిన వేగిస చెట్టు, ఈ మూడూ ఒకే ప్రజాతికి చెందినవి. దాయాదులు. శ్రీకాకుళం నుంచి తాత ఓడెక్కి వచ్చిన ఇంట్లో ఈ మాట చెబితే ఆ పిల్ల ఎంత మురిసిపోతుందో!

సరే. ఇదంతా నేను కల్పించిన ఊహ అనుకోకండి. మన దేశంలోనే జరిగింది. మధ్యప్రదేశ్‌లో అప్పట్లో హోషంగాబాద్ అనే పేరుతో ఒక జిల్లా ఉండేది. 1972లో అక్కడ పదహారు బడుల్లో ఒక పని మొదలైంది. కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అని రెండు సంస్థలు మొదలుపెట్టాయి. పెద్ద ప్రయోగశాలలో పని చేస్తున్న అనిల్ సద్గోపాల్ ఆ ఉద్యోగం వదులుకుని పల్లెకి వచ్చారు. తర్వాత ఢిల్లీ యూనివర్సిటీ అధ్యాపకులు కలిశారు. ఎమ్మెస్సీకి ఫిజిక్సూ కెమిస్ట్రీ చెప్పే వాళ్లు రైలెక్కి వచ్చి, పల్లెటూరి బడుల్లో ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలతో కింద కూర్చున్నారు. ప్రయోగాలు చేయించారు. ఖరీదైన సామాన్లు లేవు. పువ్వు విప్పి చూడాలంటే తుమ్మ ముల్లు. పరీక్షలో పుస్తకం తెరిచి రాసుకోవచ్చు. 1978కి జిల్లాలో ఉన్న మాధ్యమిక పాఠశాలలన్నిటికీ పాకింది. తర్వాత ఏకలవ్య అనే సంస్థ దాన్ని భుజాన వేసుకుంది. పదిహేను జిల్లాల్లో వందల బడులకు వెళ్లింది.

అందులో నాకు బాగా నచ్చింది సవాలీరామ్. అలాంటి మనిషి లేడు. ఊరికే కల్పించారు. పిల్లలకి ఏ సందేహం వచ్చినా సవాలీరామ్‌కి ఉత్తరం రాయమన్నారు. ఉత్తరాలు వచ్చాయి. కుప్పలుగా వచ్చాయి. అవతల ఎవరో ఒక శాస్త్రజ్ఞుడు, ఒక అధ్యాపకుడు, కూర్చుని జవాబు రాసేవాడు. పిల్లకి తన పేరు మీద ఉత్తరం వచ్చేది. పల్లెటూళ్లో పదకొండేళ్ల పిల్ల పేరు మీద తపాలా రావడం ఎంత గొప్పో ఆ రోజుల్లో ఉన్న వాళ్లకి తెలుస్తుంది.

అది 2002లో ఆగిపోయింది. రాష్ట్ర ప్రభుత్వం ఆపేసింది. ముప్ఫై ఏళ్లు నడిచిన పని. ఎందుకు ఆగిందనే దాని మీద వాదాలున్నాయి. వాటిలోకి వెళ్లను. ముప్ఫై ఏళ్లు నడిచిందన్నది గుర్తుంచుకుందాం. వచ్చిన వాళ్లు మళ్లీ వచ్చారన్నది గుర్తుంచుకుందాం.

మళ్లీ రావడం ఎందుకంత ముఖ్యం? దీనికి సా మిల్లు వైపే చూడండి. దుంగ కోసిన రోజునే ఆ చెక్కతో తలుపు చెయ్యరు. పచ్చి చెక్క. ఆరనివ్వాలి. గాలికి పెట్టి నెలల తరబడి ఆరబెడతారు, లేదా వేడి గదిలో మెల్లగా తేమ తీస్తారు. తొందరపడి బిగిస్తే ఆ తలుపు వానాకాలానికి వంకర తిరుగుతుంది. ఒక్క రోజు వచ్చి, ఒక్క గంట మాట్లాడి వెళ్లిపోయే యూనివర్సిటీ ప్రసంగం ఆ పచ్చి చెక్కలాంటిది. పిల్లలు ఆ పూట చప్పట్లు కొడతారు. వారం తిరిగేసరికి ఏమీ మిగలదు.

మనకి ఇలాంటి పూటలు కొత్త కాదు. బ్యానరు కడతారు. శాలువా కప్పుతారు. పూలగుత్తి ఇస్తారు. రెండు వైపులా పెద్దలు కాగితం మీద సంతకాలు పెడతారు. ఫోటో తీస్తారు. పిల్లలు ఎండలో కూర్చుని ఉంటారు. నేను ఇలాంటి సభల్లో కూర్చున్నాను. ప్రశ్నలుంటే అడగండి అంటారు చివర్లో. అప్పటికి బస్సు టైమైపోతుంది. ఆ సంతకాల కాగితం వద్దనను. ఉండనివ్వండి. కానీ కాగితం మీద సంతకం పెట్టినాయనే మళ్లీ నెల బడి గుమ్మం ఎక్కాలి. ఆయన రాకపోతే ఆయన విద్యార్థి రావాలి.

ఒక్క పూట వచ్చి పోవడం ఒక చివరైతే, ఇంకో చివర కూడా ఉంది. అమెరికాలో బోస్టన్ యూనివర్సిటీ ఏం చేసిందంటే, చెల్సీ అనే ఊళ్లో ప్రభుత్వ బడులన్నిటి నిర్వహణా తనే తీసుకుంది. 1989 నుంచి 2008 దాకా నడిపింది. పేద ఊరు. యూనివర్సిటీ వచ్చి బడులు నడపడం మీద మెచ్చుకున్న వాళ్లున్నారు, తిట్టుకున్న వాళ్లున్నారు. మా ఊరి బడి గురించి మమ్మల్ని అడగరా అన్నారు కొందరు. నా మాట అడిగితే, మనకి అంత అక్కర్లేదు. మన బడులు నడిపేందుకు మన మాస్టార్లు, టీచర్లు ఉన్నారు. వాళ్ల కుర్చీలో ఎవరూ కూర్చోనక్కర్లేదు. పక్కన ఒక కుర్చీ వేసుకుంటే చాలు.

మన ఊళ్లో అలాంటి కుర్చీ ఒకటి ఇప్పటికే ఉంది. టాగూర్ ప్రభుత్వ విద్యా కళాశాల. అక్కడ బీఎడ్ చదివే వాళ్లు బడుల్లో పాఠాలు చెప్పి తీరాలి. ఉపాధ్యాయ శిక్షణకి పెట్టిన 2014 నిబంధనల ప్రకారం రెండేళ్ల కోర్సులో కనీసం ఇరవై వారాలు. ఇరవై వారాలంటే చిన్న సంగతి కాదు. బడికీ కళాశాలకీ ఇంతకంటే గట్టి బంధం ఎక్కడుంది? కానీ దాన్ని మనం ఎలా చూస్తాం? బీఎడ్ వాళ్లొచ్చారు, మన పీరియడ్లు వాళ్లకి ఇచ్చేస్తే సరి అంటారు కొందరు టీచర్లు. లెసన్ ప్లాను రాశామా, సంతకం పడిందా అని చూసుకుంటారు కొందరు బీఎడ్ పిల్లలు. ఆ ఇరవై వారాల్లో ప్రశ్నల పెట్టె వాళ్ల చేతిలో పెట్టండి. పెట్టె తెరవడం, ప్రశ్నలు ఏరడం, ఏది ఏ విభాగానికి పోవాలో చూడడం, జవాబు వచ్చాక తరగతిలో చెప్పించడం, ఈ నాలుగూ వాళ్లు చేస్తే మాస్టారికి బరువు తగ్గుతుంది. రేపు వాళ్లు ఉద్యోగంలో చేరిన బడికి ఈ అలవాటు వాళ్లతోనే వెళుతుంది.

ఇక్కడొక మాస్టారు నాతో వాదానికి దిగుతారని తెలుసు. సిలబస్ ఎవరు పూర్తి చేస్తారండీ అంటారు. న్యాయమైన మాట. మనవి సీబీఎస్ఈ బడులు. పదో తరగతి పరీక్ష నెత్తిమీద ఉంటుంది. ఆయనకి నా జవాబు ఇది. నెలకి ఒక్క పీరియడ్ ఇవ్వండి. అదీ పదో తరగతికి కాదు, ఆరు నుంచి తొమ్మిది వరకు. పెట్టెలో పడే ప్రశ్నల్లో చాలా మటుకు సైన్సు పుస్తకంలో ఉన్నవే అయి తీరతాయి. కానీ ఒక మాట ఒప్పుకోవాలి. దీనివల్ల ఈ ఏడాది మార్కులు పెరగకపోవచ్చు. మార్కులు పెంచే మందు కావాలంటే నా దగ్గర లేదు.

యూనివర్సిటీ వైపు కూడా ఒక ఇబ్బంది ఉంది. అధ్యాపకుడికి ప్రమోషన్ వచ్చేది పరిశోధన పత్రాల వల్ల. ఆరో తరగతి పిల్ల ప్రశ్నకి జవాబు చెబితే ఎవరూ లెక్కించరు. అందుకే చదువుకునే కుర్రాళ్లనే పంపమంటున్నాను. సమాజంలోకి వెళ్లి పని చేసేందుకు రెండు క్రెడిట్ల కోర్సు పెట్టుకోవచ్చని యూజీసీయే చెప్పింది. ఆ రెండు క్రెడిట్లు ఇక్కడ వాడండి. కుర్రవాడికి మార్కులు, పిల్లకి జవాబు. ఉన్నత్ భారత్ అభియాన్ కింద కళాశాలలు ఊళ్లు దత్తత తీసుకుంటున్నాయి. విద్యాంజలి పేరుతో బడికి స్వచ్ఛందంగా సాయం చేసే పథకం 2021లో కొత్త రూపంలో వచ్చింది. కాబట్టి కొత్త ఆఫీసు పెట్టక్కర్లేదు. కొత్త పథకం అడగక్కర్లేదు.

ఇప్పుడు తల్లిదండ్రుల మాట. ప్రశ్నలూ జవాబులూ బాగున్నాయి, మా వాడికి దానివల్ల ఏమొస్తుంది అంటారు. అడగాలి. తప్పులేదు.

నేను చూసినంతవరకు మన పిల్లలు తెలివి తక్కువై వెనకబడరు. కబురు అందక వెనకబడతారు. ఏ కోర్సు ఎక్కడుంది, ఫారం ఎప్పుడు నింపాలి, ఏ సర్టిఫికెట్ ముందే తీసి పెట్టుకోవాలి, ఇవి తెలియక వెనకబడతారు. ఇంట్లో డిగ్రీ చదివిన వాళ్లుంటే ఈ కబుర్లు అన్నం తినేటప్పుడే చెవిన పడతాయి. నాన్న తెల్లవారుజామున పడవ మీద వెళ్లి, అమ్మ జంగ్లీఘాట్‌లో చేపలమ్మే ఇంట్లో ఎవరు చెబుతారు? 2022 నుంచి కేంద్ర విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ సీటు కోసం సీయూఈటీ అనే ప్రవేశ పరీక్ష వచ్చింది. ఆ పేరు వినకుండానే పన్నెండో తరగతి దాటేస్తే, ఆ ఏడాది పోయినట్టే. నెలనెలా బడికి వచ్చే ఎమ్మెస్సీ అమ్మాయి ప్రశ్నలకి జవాబులు చెప్పి, వెళ్తూ వెళ్తూ ఒక్క మాట చెబుతుంది. ఫలానా పరీక్షకి దరఖాస్తులు తీసుకుంటున్నారు, ఫోటో తీయించుకోండి అని. ఆ ఒక్క మాట విలువ ఎంతో అనుభవం ఉన్న వాళ్లకి తెలుసు.

అక్కడ మన తెలుగు రాష్ట్రాల్లో ఈ కబురు అందని పల్లెల కోసం 2008లో ఒక యూనివర్సిటీనే పెట్టారు. రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం. జనం ట్రిపుల్ ఐటీ అంటారు. నూజివీడు, బాసర, ఇడుపులపాయ. తర్వాత శ్రీకాకుళంలో కూడా వచ్చింది. పదో తరగతి అవగానే పిల్లల్ని తీసుకుని ఆరేళ్లు చదివిస్తారు. ప్రభుత్వ బడిలో చదివిన పిల్లలకి గ్రేడు పాయింట్లలో కొంచెం కలిపి, వెనకబాటుకి సర్దుబాటు చేశారు. మీ బంధువుల ఇళ్లలో ఎవరో ఒకరు చదివే ఉంటారు. అది యూనివర్సిటీ తన తలుపు పల్లె వైపు తిప్పి కట్టుకోవడం. మంచి పని. మన దీవులకి అంత పెద్ద కట్టడం ఇప్పట్లో రాకపోవచ్చు. వచ్చే దాకా ఆగమని ఆరో తరగతి పిల్లలకి చెప్పలేం కదా.

క్యాంపస్‌కి పిల్లల్ని తీసుకెళ్లడం గురించి కూడా ఒక మాట. ఏడాదికి ఒక్కసారి, తమ ప్రశ్నలకి జవాబు చెప్పిన వాళ్ల ప్రయోగశాలకే తీసుకెళ్లాలి. మైక్రోస్కోపులో నీటిబొట్టు చూపించాలి. పగడాల గురించి చెప్పాలి. 2010లో సముద్రం వేడెక్కి మన చుట్టూ పగడాలు తెల్లబడిపోయిన సంగతి చెప్పాలి. క్యాంటీన్లో టీ తాగించాలి. నవ్వకండి. క్యాంటీన్ ముఖ్యం. అక్కడ కూర్చుని టీ తాగిన పిల్లకి ఆ చోటు పరాయిది కాకుండా పోతుంది. ఆడపిల్లల్ని పంపడానికి వెనకాడే ఇళ్లుంటాయి. తల్లిని కూడా రమ్మనండి. బస్సులో ఇంకో రెండు సీట్లు.

మరి దూరపు దీవుల మాటేమిటి? డిగ్లీపూర్, కార్ నికోబార్, కాంప్‌బెల్ బే పిల్లలు బ్రూక్షాబాద్‌కి ఎలా వస్తారు? రాలేరు. అక్కడికి వీళ్లూ నెలనెలా పోలేరు. ఓడ టికెట్టు దొరకడమే గగనం. వాళ్లకి సవాలీరామ్ పద్ధతే దారి. ఉత్తరం రాయాలి. ఉత్తరం వెళుతుంది, జవాబు వస్తుంది. ఇప్పుడు ఫోన్లున్నాయి, నెట్ ఉంది, ఉత్తరం ఎందుకంటారా? నెట్ ఉన్న రోజు నెట్. లేని రోజు ఉత్తరం. పైగా రేడియో ఉంది. మీరు వింటున్నది అదే. ఏ దీవి పిల్ల వేసిన ప్రశ్నయినా, పిల్ల పేరు, బడి పేరు, తరగతి చెప్పి, శాస్త్రజ్ఞుడి చేత జవాబు చెప్పించడానికి రేడియోని మించిన చోటు లేదు. నేను స్టేషను వాళ్లని ఈ మాట అడుగుతాను. మీరూ అడగండి.

జవాబు తెలియని ప్రశ్నలు వస్తాయి. రావాలి కూడా. అప్పుడు యూనివర్సిటీ కుర్రాడు తడబడకూడదు. నాకు తెలియదు, కనుక్కుందాం అనాలి. మళ్లీ నెల వచ్చినప్పుడు ఎంతవరకు కనుక్కున్నాడో చెప్పాలి. పెద్ద చదువు చదివిన మనిషి నోట తెలియదన్న మాట వినడం పిల్లలకి ఎంతో ధైర్యం. గారచర్మలో వ్యవసాయ పరిశోధన సంస్థ ఉంది. జంతువుల గురించి, మొక్కల గురించి పరిశోధించే కేంద్ర సర్వే సంస్థలకి ఊళ్లోనే కార్యాలయాలున్నాయి. యూనివర్సిటీకి తెలియనిది వాళ్లని అడగొచ్చు.

ఇక మొదలు ఎవరు పెట్టాలి? యూనివర్సిటీ వచ్చి తలుపు తడుతుందని చూస్తూ కూర్చోకండి. మొదటే చెప్పాను. బడి అడగాలి. ప్రతి ప్రభుత్వ బడికీ యాజమాన్య కమిటీ ఉండాలని విద్యా హక్కు చట్టం 2009లోనే చెప్పింది. అందులో ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాలి. అంటే మీరే. వచ్చే మీటింగుకి వెళ్లండి. టీ, బిస్కెట్టు అయ్యాక లేచి రాకండి. మా బడిలో ప్రశ్నల పెట్టె పెట్టాలి, ఫలానా విభాగానికి హెడ్‌మాస్టరు గారు ఉత్తరం రాయాలి అని చెప్పండి. తీర్మానం పుస్తకంలో రాయించండి. ఏ విభాగం అన్నది ఒక్కటే ఎంచుకోండి. రెండు మూడు వద్దు. ఉత్తరంతో పాటు పిల్లల ప్రశ్నలు ఒక పది జత చెయ్యండి. పిల్లల చేతిరాతతోనే, తప్పులు దిద్దకుండా పంపండి. నెల దాటినా జవాబు రాకపోతే రెండో ఉత్తరం రాయించండి. అప్పటికీ రాకపోతే ఇద్దరు తల్లులు, ఒక మాస్టారు కలిసి, బ్రూక్షాబాద్ బస్సెక్కండి. ఉత్తరం నకలు చేతిలో ఉంచుకోండి.